చెల్లి చెప్పిన కొలత

నెల్లూరులో నేను క్యాడ్, అంటే కంప్యూటర్లో డ్రాయింగులు గీయడం, నేర్చుకున్న గదిలో ఏసీ ఉండేది. అది కంప్యూటర్ల కోసమే గానీ మీ కోసం కాదని మాస్టారు మొదటిరోజే చెప్పేశారు. చెప్పులు బయట విడిచి, కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాలి. పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు డ్రాయింగ్ బోర్డు మీద వంగి గీతలు గీసినవాణ్ణి నేను. ఒక్క కొలత మారిందంటే షీటు మీద సగం గీతలు బ్లేడుతో గీకి మళ్ళీ గీయాలి. గీకి గీకి కాగితానికి చిల్లు పడితే మొదటికి రావాలి. ఆ చాకిరీ మీద నాకున్న కోపం అంతా ఇంతా కాదు.

అందుకే మాస్టారు గ్లోబల్ వేరియబుల్ గురించి చెప్పినరోజు నాకు నిద్రమత్తు వదిలిపోయింది. తెర మీద ఒక స్టూలు బొమ్మ ఉంది. ఎత్తు అని ఒక పేరు పెట్టి, దానికి ఒక అంకె ఇచ్చారు. కాళ్ళ పొడవు, అడ్డపట్టీ ఉండే చోటు, పైచెక్క వెడల్పు, అన్నిటినీ ఆ పేరుతోనే లెక్క కట్టి రాశారు. తర్వాత ఆ ఒక్క అంకె మార్చారు. స్టూలు మొత్తం తనంతట తానే సర్దుకుని పెద్దదైంది. పక్కన కూర్చున్నవాళ్ళు నట్లు, బోల్టులు, పంపు మూతలు అంటూ గుసగుసలాడుతున్నారు. నాకు మాత్రం మా చెల్లి కాలు గుర్తొచ్చింది.

చెల్లికి ఏడాదిన్నర వయసులో జ్వరం వచ్చి ఎడమకాలు పడిపోయింది. పోలియో అన్నారు. అప్పటినుంచి కాలిపర్ కట్టుకునే నడిచేది. కాలిపర్ అంటే కాలికి అటూ ఇటూ రెండు ఇనుప కడ్డీలు, వాటిని పట్టి ఉంచే తోలు పట్టీలు, అడుగున ఎత్తు బూటు. పిల్ల ఎదిగేకొద్దీ దాన్ని మార్చాలి. పోనీ రెండు కాళ్ళూ కలిసి ఎదుగుతాయా అంటే అదీ లేదు. కుడికాలు దాని దారిన అది పెరిగిపోయేది, ఎడమది వెనకబడేది. ఆ మధ్య మిగిలిన దాన్ని మా ఇంట్లో తేడా అనేవాళ్ళం. చుట్టాలొస్తే వర్షాలు ఎట్లా ఉన్నాయని అడిగినట్టే, ఈ ఏడు తేడా ఎంత అని కూడా అడిగేవాళ్ళు.

కొలిచే పని అమ్మది. చెల్లిని గోడకు ఆనించి నిలబెట్టి, ఎడమ పాదం కింద నాయన ప్లైవుడ్ ముక్కలు ఒకటొకటిగా పెట్టేవాడు. అమ్మ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, నడుము ఎముకల మీద రెండు బొటనవేళ్ళు ఆనించి, సమంగా వచ్చిందా లేదా చూసేది. వచ్చింది అనగానే ఆ ముక్కల దొంతర ఎత్తు స్కేలుతో కొలిచేవాళ్ళం. ఇంత చేసినా కొత్త కాలిపర్ ఎప్పుడూ కుదిరేది కాదు. అడుగు సరిపోతే పై పట్టీ తొడలో గుచ్చుకునేది. పట్టీ సరిచేయిస్తే మడమ దగ్గర ఒరుసుకుని పుండు పడేది. ఒక్క కొలత మారితే మిగతావన్నీ మారాలని ఆ చేసేవాళ్ళకు తట్టేదో లేదో గానీ, బాధ మాత్రం చెల్లి పడేది.

నేను రెండు పేర్లు పెట్టుకున్నాను. ఒకటి కాలు, రెండోది తేడా. క్లాసు అయిపోయాక మాస్టారిని బతిమాలి, గది తాళం వేసేలోగా కూర్చుని, కాలిపర్ బొమ్మ మొత్తం ఆ రెండు పేర్ల మీద నిలబెట్టాను. కడ్డీల పొడవు, పట్టీల చోట్లు కాలు మీద ఆధారపడతాయి. అడుగు మందం తేడా మీద ఆధారపడుతుంది. రెండు అంకెలు ఇస్తే చాలు, మా చెల్లికి సరిపోయేది తెర మీద లేచి నిలబడేది. దాన్ని చూసి నేను పడ్డ మురిపెం ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది.

దసరా సెలవులకు చెల్లి నెల్లూరు వచ్చింది. అప్పుడు తొమ్మిదో తరగతి. గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు విడవాలి గదా, కాలిపర్ విప్పమంటారేమోనని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మాస్టారు చూసి, నువ్వు అట్లాగే రా తల్లీ అన్నారు. నా పక్కన కుర్చీలో కూర్చుని, బొమ్మను అటూ ఇటూ తిప్పి చూపిస్తుంటే, తన కాలికి కట్టుకునేదాన్ని ఎవరిదో అన్నట్టు చూసింది. అంకెలు ఎక్కడ మారుస్తారో అడిగింది. చూపించాను. తేడా ఎదురుగా ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు అని ఉంది.

“దాంట్లో సున్నా పెట్టు అన్నా.”

పెట్టాను. అడుగున ఉన్న ఎత్తంతా పోయింది. మామూలు చెప్పు అడుగంత పలచటి ముక్క మిగిలింది. చెల్లి తెర వైపే చూస్తూ, ఇంత సులువా అంది. కంప్యూటర్లో అన్నీ సులువేనని నేను గొప్పలు పోయాను. ఆ సున్నాను సేవ్ చేయకుండానే బొమ్మ మూసేసి, బస్సుకు టైమైందని లేపాను.

క్రిస్మస్‌కు ఆత్మకూరు వెళ్ళేసరికి ఇంట్లో ఇంకో సంగతి నడుస్తోంది. ఈస్టర్‌కు బాప్తిస్మం తీసుకుంటానని చెల్లి చెప్పింది. మా అవ్వ కాలం నుంచీ మాది బాప్టిస్టుల ఇల్లు. మాలో పసిపిల్లల నెత్తిన నీళ్ళు చల్లడం లేదు. ఊహ తెలిశాక, ఎవరికి వాళ్ళు ఒప్పుకుని, తెల్లబట్టలు కట్టుకుని, ఏటిలోకి నడిచి వెళ్ళి మునగాలి. ప్రతి ఏడూ సంగం దగ్గర పెన్నలోకే తీసుకుపోయేవాళ్ళు. అమ్మ సంతోషం పట్టలేకపోయింది. నాయన మాత్రం, బస్సు డిపోలో మెకానిక్కు గదా, ముందు పని ఎట్లా జరుగుతుందో చూసుకునే మనిషి. కాలిపర్‌తో నీళ్ళలోకి దిగితే తోలు ఉబ్బుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, కాబట్టి నేనే ఎత్తుకొని దిగుతానన్నాడు. పాస్టరుగారు కూడా అందులో తప్పేమీ లేదన్నారట.

“ఎత్తుకొని ముంచేదానికి నేనేమన్నా బట్టల మూటనా నాయనా? నడిచే పోతా.”

అంతే. ఆ మాట మీద నుంచి దించడం ఎవరి వల్లా కాలేదు. పుట్టినప్పటినుంచీ దాన్ని ఎవరో ఒకరు ఎత్తుకున్నవాళ్ళే. బస్సెక్కాలంటే ఎత్తుకోవాలి, చర్చి మెట్లెక్కాలంటే ఎత్తుకోవాలి. ఎత్తుకున్న ప్రతిసారీ చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో పాపం అనాలి. దేవుడి ముందుకైనా తన కాళ్ళ మీద తాను వెళ్ళాలని దాని పట్టుదల. అది నాకు బాగా అర్థమైంది. ఇనుము లేకుండా, తోలు లేకుండా, కొయ్యతో కాలిపర్ చేయిస్తానని అందరి ముందూ అనేశాను.

కొయ్య అనగానే మాకు ఉదయగిరే గుర్తొస్తుంది. కోట కొండ కింద ఇళ్ళలో గరిటెలు, చెంచాలు, దువ్వెనలు చెక్కేవాళ్ళున్నారు. ఏళ్ళ తరబడి పులుసులో మునిగినా వాళ్ళ గరిటె చెక్కుచెదరదు. నాయనకు తెలిసిన ఒకామె ఉండేది, అక్కా అన్నట్టు మేం ఆపా అని పిలిచేవాళ్ళం. ఇద్దరు కూతుళ్ళతో వరండాలో కూర్చుని చెక్కుతూ ఉండేది. నా ప్రింటు చేతిలోకి తీసుకుని, ఇంత పెద్ద గరిటెతో ఎవరికి వడ్డిస్తారని నవ్వింది. ఎవరి కోసమో చెప్పాక నవ్వడం మానేసి, బొమ్మలో ప్రతి ముక్కా ఏమిటో అడిగి తెలుసుకుంది. రెండు పక్క బద్దలు, వాటిని కలిపే పట్టీలు, కింద మందపాటి అడుగు. నైలాను బెల్టులతో కాలికి బిగించుకోవాలి. పచ్చి కొయ్యను లావుగా నరికి నీడన ఆరబెట్టాలి, ఆరాక అసలు కొలతకు చెక్కాలి, ఈస్టర్ వారానికి గానీ కాదంది.

“కొలత ఒకసారి చెప్తే మళ్ళీ మార్చబాకు బాబూ. ఇది కొయ్య. చెరిపి రాసేది కాదు.”

అందుకని సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ కొలిచాం. ఏడాదిలో చెల్లి బాగా పొడుగైంది. జాకెట్ చేతులు మోచేతుల దాకా లాక్కుపోయాయి. ఎడమకాలు టేపుతో కొలిస్తే అదీ పెరిగింది. తేడా కూడా పెరిగే ఉంటుందని అందరం లోపల్లోపల దిగులుపడుతున్నాం. నాయన పాత ముక్కలు పెట్టి, చేతిలో ఇంకో ముక్క సిద్ధంగా పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ బొటనవేళ్ళు ఆనించింది. సమంగానే ఉందంది. నమ్మకం కుదరక మళ్ళీ చూసింది. సమంగానే ఉంది. అదే ముప్పై ఎనిమిది.

“రెండు కాళ్ళూ కలిసి పెరిగినాయన్నా,” అంది చెల్లి.

అమ్మ అక్కడే కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన మొహం కడుక్కుంటానని దొడ్లోకి పోయి చాలాసేపు రాలేదు. అంత సంతోషం మా ఇంట్లో అంతకుముందు నేను చూడలేదు. ఆ రాత్రి అమ్మ దోసకాయ పప్పు, వడియాలు చేసింది. తేడా ఆగిపోయిందని చుట్టాలందరికీ కబురు పెట్టింది.

నెల్లూరు వచ్చి, కాలు అన్నచోట కొత్త అంకె వేశాను. తేడాను ముట్టుకోలేదు. పక్క బద్దలు సాగాయి, పట్టీలు పైకి జరిగాయి, అడుగు ఉన్నట్టే ఉంది. ప్రింటు తీసి ఉదయగిరి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను. అది వెళ్ళి ఆపాకు చేరిందని నాయన చెప్పాడు.

ఈస్టర్ వారంలో నేనే వెళ్ళి తెచ్చాను. పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చింది ఆపా. గరుకు కాగితంతో ఎంత రుద్దారో గానీ, చెయ్యి వేస్తే జారిపోతోంది. పక్క బద్దల మీద సన్నటి తీగ, చిన్న చిన్న ఆకులు చెక్కి ఉన్నాయి. ఇది బొమ్మలో లేదే అన్నాను. ఆడపిల్ల గదా, ఊరికే చెక్కినాము అంది. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏందది అని అడిగిన ప్రతివాడికీ విప్పి చూపించాను.

గుడ్ ఫ్రైడే ఆరాధన అయ్యాక ఇంట్లో కట్టి చూశాం. కాలికి పట్టినట్టు కుదిరింది. ఎక్కడా ఒత్తుకోలేదు, ఒరుసుకోలేదు. కానీ చెల్లి లేచి నిలబడేసరికి ఎడమ భుజం కిందికి దిగిపోయింది. అమ్మ నడుము మీద వేళ్ళు ఆనించి చూసి, నా వైపు తిరిగింది. నేను టేపు తీసుకుని ప్రింటు పక్కన పెట్టుకుని అన్నీ కొలిచాను. అన్నీ కాగితం మీద ఉన్నట్టే ఉన్నాయి. నాకు కోపం వస్తే ఎవరో ఒకరి మీద పడాలి. ఎండలో ఆరబెట్టి ఉంటారు, కొయ్య ఎక్కడో వంకరపోయి ఉంటుంది, నమ్మి ఇచ్చినందుకు మనకు బాగా బుద్ధొచ్చిందని ఆపాను నానా మాటలూ అన్నాను.

“ఆపాను అనబాకన్నా. కొలిచేటప్పుడు నేనే కుడి మోకాలు వంచినా.”

పావడా కింద వంచింది. అమ్మకు నడుము ఎముకలే గానీ మోకాలు కనపడదు గదా. మళ్ళీ చూసినప్పుడూ వంచే నిలబడింది. ఎందుకమ్మా అట్లా చేసినావని అమ్మ అడిగింది. తిట్టినట్టు అడగలేదు. చెల్లి గోడ పట్టుకుని, కొయ్య అడుగు వైపు చూస్తూ చెప్పింది.

“కాలు బాగుచెయ్యమని నేనెప్పుడూ అడగలేదమ్మా. తేడా ఆగితే చాలని ప్రార్థన చేసినా. కొలిచేరోజుకి ఆగి ఉంటాదనుకున్నా. నిలబడినప్పుడే తెలిసిపోయినాది, ఆగలేదని. మీరందరూ నమ్మితే అప్పుడన్నా ఆగుతాదేమో అనుకున్నా.”

నాకు నా కంప్యూటర్ మీద, నా అంకెల మీద, ఆ గదిలో ఏసీ మీద కూడా అసహ్యం పుట్టింది. అన్ని కొలతలూ ఒకదాన్ని పట్టుకుని వేలాడేట్టు చేసి నేను మురిసిపోయాను. ఆ ఒక్కదాన్నీ పట్టుకుని మా చెల్లి అంతకంటే ఎక్కువగా వేలాడుతోందని ఎవరు ఊహించారు?

నాయన లేచాడు. దొడ్లో పడి ఉన్న బస్సు టైరు ముక్క తెచ్చి, అడుగు ఆకారానికి కోసి, చిన్న మేకులు కొట్టి బిగించాడు. ఎంతో సేపు పట్టలేదు. మళ్ళీ కట్టి నిలబెడితే భుజాలు సమంగా వచ్చాయి. చెల్లి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచి చూపించింది. టైరు ముక్క మట్టిలో పట్టు కూడా ఇస్తుందని నాయన అన్నాడు. అమ్మ దేవునికి స్తోత్రం చెప్పింది. నేను కూడా, పోనీలే, గండం గడిచింది అనుకున్నాను. నడవడమే కదా కావాల్సింది, నడుస్తోంది గదా అనుకున్నాను.

ఈస్టర్ ముందురోజు పొద్దున్నే లారీలో సంగం వెళ్ళాం. ఆనకట్టకు పైన నీళ్ళు నిలకడగా ఉన్నాయి. ఒడ్డున చాపలు పరిచారు, పాటలు మొదలుపెట్టారు. పాస్టరుగారు పంచె ఎగ్గట్టి ఛాతీలోతు దాకా దిగి నిలబడ్డారు. తెల్లచీరల్లో ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు దిగి, మునిగి, జుట్టు పిండుకుంటూ పైకొస్తున్నారు. చెల్లి కూడా తెల్లచీర కట్టుకుంది. మొదటిసారి చీర. లారీ దగ్గర నుంచి నీళ్ళ దాకా ఇసకలో తానే నడిచి వచ్చింది. టైరు ముక్క నిజంగానే పట్టు ఇచ్చింది.

దాని పేరు పిలిచారు. అది నీళ్ళ అంచున ఇసకలో కూర్చుంది. బెల్టులు వదులయ్యాయేమో, బిగించుకుంటోందనుకున్నాను. విప్పుతోంది. దగ్గరికి పరుగెత్తాను. ఏం చేస్తున్నావు, సరిగ్గా ఉంది గదా, అందరూ చూస్తున్నారు అన్నాను.

“అబద్ధం చెప్పి చేయించుకున్నా అన్నా దీన్ని. ఇది కట్టుకొని నీళ్ళల్లోకి ఎట్ల పోయేది?”

నాయన వంగి రెండు చేతులూ చాచాడు. వద్దని తల ఊపింది. కొయ్య కాలిపర్ నా చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ కిందికి సర్దుకుని, రెండు చేతులూ వెనక ఇసకలో ఆనించి, కూర్చునే ముందుకు జరిగింది. మళ్ళీ ఆనించింది, మళ్ళీ జరిగింది. ఎడమకాలు ఇసకలో ఒరుసుకుంటూ దాంతోపాటే జరిగింది. తెల్లచీర అంతా తడి ఇసక అయింది. పాట పాడుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆపేశారు. నా వెనక ఎవరో అయ్యో అన్నారు. ఏ మాట దాని చెవిన పడకూడదని ఇన్నాళ్ళూ అందరం పాటుపడ్డామో, అదే మాట. అమ్మ మాత్రం ఆగిన పాటను ఒక్కతే గట్టిగా ఎత్తుకుంది.

కూర్చున్నదాని గొంతు దాకా నీళ్ళు వచ్చాక పాస్టరుగారు వచ్చి చెయ్యి అందించారు. లేచి, ఆయన చెయ్యి పట్టుకుని లోతుకు వెళ్ళింది. అడిగినవాటికి జవాబు చెప్పింది. అబద్ధం ఆడినానని కూడా అక్కడే ఒప్పుకుందని తర్వాత ఆయన చెప్పారు. ఆయన ముంచి లేపారు. మొహం మీది నీళ్ళు తుడుచుకుని అట్లాగే నిలబడింది. బరువంతా నీళ్ళే మోస్తున్నట్టు, ఛాతీలోతులో దాని భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. అమ్మ అది చూసి పాట ఆపేసింది.

ఇంక రమ్మన్నారు పాస్టరుగారు. రాలేదు. దాని తర్వాత ఇంకెవరూ లేరు. ఆయన దాని నెత్తి మీద చెయ్యి పెట్టి, నెమ్మదిగా ఒడ్డుకు వచ్చేశారు. నాయన చొక్కా కూడా విప్పకుండా నీళ్ళలోకి దిగి, దానికి కాస్త దూరంలో నిలబడ్డాడు.

“ఇంకాసేపు ఉంటా నాయనా. ఇక్కడ బాగుండాది.”

ఉండమ్మా అన్నాడు నాయన. ఒడ్డున చాపలు చుట్టేశారు. జనం లారీ ఎక్కి కూర్చున్నారు. డ్రైవరు హారన్ మోగిస్తే అమ్మ వెళ్ళి ఆపమని చెప్పి వచ్చింది. చెల్లి చేతులు నీళ్ళ మీద పరిచి, అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు వేస్తోంది. కుంటడం లేదు. నాయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఎండ ఎక్కింది. దాని పెదాలు నీలంగా మారి వణుకు మొదలైంది. అయినా రమ్మని మాలో ఎవరమూ పిలవలేదు.

చివరికి అదే నాయన వైపు తిరిగింది. బట్టల మూటనా అని అడిగిన పిల్ల రెండు చేతులూ పైకి చాచి, ఎత్తుకోమంది.